రథసప్తమి నుంచి శివరాత్రి దాకా: ఎత్తు మడుల్లో కలుపు, చీమలు వదిలించుకునే పని

రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం చేసి పాలు పొంగిస్తాం, ఆ వారంలోనే కాపు తగ్గిన చిక్కుడు పాదుని పందిరి మీంచి లాగేస్తాం, అప్పటికే ముల్లంగి, పాలకూర అయిపోయి టమాటా మొక్కలు కూడా ఎండుముఖం పట్టి ఉంటాయి. పెరట్లో మడులన్నీ ఒక్కసారిగా ఖాళీ. విశాఖలో కూరగాయలు పెంచుకునే మనలో చాలామంది సరిగ్గా ఇక్కడే పొరపాటు చేస్తున్నాం. చలి శివశివా అని పోయాక బెండ, బీర, దోస, గోరుచిక్కుడు పెట్టుకుందాంలే అని మడిని అలాగే వదిలేస్తాం.

మాఘ శుద్ధ సప్తమికీ మాఘ బహుళ చతుర్దశికీ మధ్య ఏ ఏడాది లెక్కేసినా 22 రోజులు, ఒక రోజు అటూ ఇటూ. ఆ మూడు వారాలూ మడి మీద ఆకు నీడ ఉండదు, ఆకాశం నుంచి చుక్క పడదు, పంట లేదు కాబట్టి మనమూ నీళ్ళు పోయం. మన ఎర్రమట్టి అసలే నీళ్ళు నిలుపుకోదు, నేల కంటే అడుగు ఎత్తులో ఉన్న మడి అయితే ఇంకా తొందరగా ఎండుతుంది. చీమలకు కావలసింది పొడి మట్టి. కలుపుకు కావలసింది నీడ లేని జాగా. రెండూ మనమే సిద్ధం చేసి పెడుతున్నాం. తీరా విత్తనాలు పట్టుకుని వెళ్ళేసరికి ఒక మూల తుంగ, ఇంకో మూల చీమల పుట్ట, అప్పుడు టెన్షన్ పడి ఏదో ఒక పొడి తెచ్చి చల్లేస్తాం.

ఆ మూడు వారాలే మీ చేతిలో ఉన్న అసలు సమయం. పంట లేదు కాబట్టి తవ్వచ్చు, గీకచ్చు, వేడి నీళ్ళు పోయచ్చు, దేనికీ దెబ్బ తగలదు. మొక్కలు వచ్చాక వీటిలో సగం పనులు చేయలేం. నేను మధురవాడలో ఆరు ఇటుక మడుల్లో ఏటా చేస్తున్న పని ఇది, అదే వరుసలో చెబుతాను.

మొట్టమొదట, మడి ఖాళీ అయిన రోజే ఎరువు కలిపేయండి. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. కలుపంతా తీసి, మడి అద్దంలా చేసి, చివర్లో ఎరువు వేస్తారు. పశువుల ఎరువులో ఆ పశువు మేసిన గడ్డి గింజలు ఉంటాయి, కడుపులోంచి బయటికి వచ్చినా వాటిలో కొన్నిటికి మొలిచే శక్తి పోదు. ఒక ఏడాది నేను ఫిబ్రవరి నెల మొత్తం కూర్చుని కలుపు తీశాక, ఒకాయన ఆటోలో తెచ్చి పోసిన నాలుగు బస్తాల ఎరువు కలిపాను. పది రోజులకి ఎవరో చేత్తో చల్లినట్టు మడి నిండా గడ్డి మొలిచింది, దానిలో తుంగ కూడా వచ్చింది, అంతకుముందు ఆ మడిలో తుంగ లేదు. కాబట్టి ఎరువు కొనేటప్పుడు చేత్తో తీసి చూడండి. పేడ ముక్కలు, పచ్చి గడ్డి కనిపించినా, ఘాటు వాసన వచ్చినా వద్దు. నల్లగా, టీ పొడిలా రాలేలా, వాన పడ్డ మట్టి వాసన రావాలి. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు కాగి, మధ్యలో తిరగేసిన ఎరువులో గింజలు చాలావరకు చస్తాయి, చల్లగా పడి ఉన్న ఎరువులో చావవు. ఎంత మంచి ఎరువైనా సరే ముందే కలపండి, దానితో వచ్చిన గింజలు కూడా మనం తర్వాత చేసే పనిలో పోతాయి. వేపపిండి కూడా ఇప్పుడే, చదరపు మీటరుకి 100 నుంచి 150 గ్రాములు. అది చెదలకి, వేళ్ళని పట్టే నులిపురుగులకి పనికొస్తుంది, చీమల సమస్య దానితో తీరిపోతుందని మాత్రం అనుకోకండి.

ఎరువు కలిపి మట్టి చదును చేశాక మడి బాగా తడపండి. ఒకసారి తడిపి ఊరుకోవద్దు, రోజూ సాయంత్రం కొంచెం కొంచెంగా, రేపు విత్తనం వేస్తున్నామా అన్నట్టు. పంట లేని మడికి నీళ్ళెందుకు అని ఇంట్లో వాళ్ళు అడుగుతారు. మట్టి పైపొరలో ఉన్న కలుపు గింజలన్నిటినీ మన పంట రాకముందే మొలిపించాలి, అవి దారం పోగంత ఉన్నప్పుడే తీసేయాలి, అందుకు. పెద్దయ్యాక ఒక్కో మొక్క పీకడానికి నడుం పడిపోతుంది, మొలకగా ఉన్నప్పుడు మడంతా పది నిమిషాల పని.

వారం పది రోజులకి మడి పచ్చగా అవుతుంది. కంగారు పడకండి, కావలసింది అదే. ఇప్పుడు కూర్చుని ఏం మొలిచిందో చూడాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకే మందు కాదు. గలిజేరు, రెడ్డివారి నానబాలు, నేలఉసిరి, గడ్డిచామంతి, గంగపాయల, వయ్యారిభామ ఇవన్నీ గింజ నుంచి వచ్చినవి, వీటిని గీకేస్తే చాలు. తుంగ, గరిక అలా కాదు.

తుంగ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, దాని దగ్గరే అందరూ ఓడిపోతున్నారు. ఒక తుంగ మొక్కని పట్టుకుని పైకి లాగండి. టక్కున తెగి, కింద తెల్లగా ఉన్న మొదలు చేతికి వస్తుంది, పీకేశాం అనిపిస్తుంది. గడ్డ కిందే ఉంది. వారం తిరగకముందే అదే చోట మళ్ళీ ఆకులు. ఈసారి లాగకండి. మొక్కకి జానెడు దూరంలో గునపం దించి, మట్టి పెళ్ళని పెళ్ళగా పైకి లేపి, చేతుల్లోకి తీసుకుని మెల్లగా విడదీయండి. వేరుశనగ గింజంత నల్లటి గడ్డ కనిపిస్తుంది, పైన పీచు. దాని పక్క నుంచి సన్నటి తీగ, తీగలా కాదు, ఎండిన కొబ్బరి పీచులా గట్టిగా ఉంటుంది, ఆ తీగ చివర ఇంకో గడ్డ, దాని నుంచి ఇంకోటి, దండ గుచ్చినట్టు. గోటితో గిల్లితే లోపల తెల్లగా ఉండి ఒక వాసన వస్తుంది. ఎక్కడో తెలిసిన వాసన అనిపిస్తుంది, సున్నిపిండిలో వేసే తుంగముస్తలు ఇవే. ఆ దండలో ఒక్క పూస తెగి మట్టిలో ఉండిపోయినా మళ్ళీ మొదలు.

అందుకే తుంగ ఉన్న మడిలో తవ్వడం తప్పదు. గడ్డల్లో ఎక్కువ భాగం పై అరడుగు మట్టిలోనే ఉంటాయి, మరీ పాతాళానికి వెళ్ళక్కర్లేదు. ఆకు వచ్చి ఎక్కడ ఉందో చూపించాక, తడి మట్టిలో కాదు, చేత్తో పిండితే విడిపోయేంత ఆరాక తవ్వండి. పారతో నరికితే దండలు తెగి గడ్డలు చెల్లాచెదురవుతాయి, గునపంతో లేపడమే మేలు. తీసినవి కంపోస్ట్ కుప్పలో వేయకండి, అక్కడ హాయిగా బతుకుతాయి. డాబా మీద పల్చగా పరిచి వారం పది రోజులు ఎండ తగలనివ్వండి, తుంగగడ్డకి ఎండితేనే చావు. మొదటి ఏడాది మొత్తం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తర్వాత మొలిచిన ప్రతి మొక్కనీ మూడు నాలుగు ఆకుల దశలోనే తీస్తూ పోతే, గడ్డలో దాచుకున్న బలం అయిపోయి రెండో ఏటికి నాలుగో వంతుకి వచ్చింది నా మడిలో.

గరిక సాధారణంగా లోపల పుట్టదు, బయట నుంచి ఇటుకల సందులోంచి పాకి వస్తుంది. మడిలో పీకి లాభం లేదు, మడి చుట్టూ దాని దారి మూసేయాలి. నేను మడుల మధ్య నడిచే దారిలో గడ్డిని నేల బారుగా కోసి, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వచ్చిన పెద్ద అట్టపెట్టెలు విప్పి, టేపు, పిన్నులు తీసేసి, ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా పరిచి, నీళ్ళతో తడిపి పైన నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు, ఎండుటాకులు పోస్తాను. వానలు మొదలయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాత అట్ట కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది, మళ్ళీ వేసుకోవడమే. వినాయకచవితికి గరిక కావాలంటే ఒక కుండీలో విడిగా పెంచుకోండి.

ఇక గింజ కలుపు. ఎండ బాగా కాసే రోజు, పొద్దున్న తొమ్మిది పదింటికి, పదునైన పార గానీ గొప్పు గానీ తీసుకుని మట్టిని అర అంగుళం లోతులో గీకుతూ పోండి, గడ్డం గీసినట్టు. లోతుగా తిరగేయకండి. ఇది ఎంత చెప్పినా తక్కువే. కింద మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న గింజలు ఉంటాయి, వాటికి వెలుగు తగిలితే మొలుస్తాయి, మీరు తిరగేసిన ప్రతిసారీ కొత్త పంట కలుపు వేస్తున్నట్టే. గీకిన మొలకలు మధ్యాహ్నానికి ఆ ఎండకే వాడి పోతాయి, తీయక్కర్లేదు. గంగపాయల ఒక్కటి మాత్రం ఏరేయాలి, దాని కాడలో నీళ్ళుంటాయి, నేల మీద పడి ఉండి కూడా వేరు వేసుకుంటుంది. ఏరినవి కడిగి పప్పులో వేసుకోండి, పుల్లగా బాగుంటుంది. వయ్యారిభామని చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకండి, కొందరికి చర్మం మీద దద్దుర్లు వచ్చి వారాల తరబడి తగ్గవు. పూత రాకముందే తీయాలి, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

తుంగ లేని మడికి ఈ తడపడం, మొలిపించడం, గీకడం 22 రోజుల్లో రెండుసార్లు అవుతుంది. తుంగ ఉన్న మడికి తవ్వడంతో ఒక వారం పోతుంది కాబట్టి ఒక్కసారే అవుతుంది, అయినా చేయండి, తవ్వినప్పుడు పైకి వచ్చిన గింజల కోసం.

ప్లాస్టిక్ షీట్ కప్పితే కలుపు చస్తుంది కదా అని అడిగేవాళ్ళకి, చస్తుంది, కానీ మాఘమాసంలో కాదు. మట్టి పై అంగుళాలు రోజూ 45 డిగ్రీలు దాటి కాగాలి, అలా నాలుగు నుంచి ఆరు వారాలు ఉండాలి, మన దగ్గర ఆ ఎండ ఏప్రిల్, మే నెలల్లోనే. అప్పుడు ఏ మడి అయినా ఖాళీగా ఉంటే బాగా తడిపి, పల్చటి పారదర్శక షీట్ మట్టికి అంటుకునేలా పరిచి, నాలుగు అంచులూ మట్టిలో కప్పెట్టండి, సముద్రపు గాలికి లేవకుండా. నల్ల షీట్ అంత వేడిని మట్టిలోకి పంపదు. తుంగ మాత్రం దీనికీ పూర్తిగా లొంగదు, దాని మొన షీట్‌ని పొడుచుకుని బయటికి వస్తుంది.

ఉప్పు చల్లమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. ఉప్పు ఆవిరి కాదు, మట్టిలోనే ఉంటుంది, బీచ్ దగ్గరి కాలనీల్లో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, దాని మీద ఇదొకటా. కలుపు మందులు కూడా అంతే, నాలుగడుగుల మడికి, అందులో మన పిల్లలు తినే తోటకూర పండే చోట, వాటి అవసరం లేదు.

ఇప్పుడు చీమలు. మడి తడిపిన మొదటి మూడు రోజుల్లోనే అవి ఎక్కడున్నాయో మీకు తెలిసిపోతుంది, ఎందుకంటే తడి తగలగానే తెల్లటి గుడ్లు నోట కరుచుకుని బయటికి వస్తాయి. ఎక్కువగా ఇటుక గోడకి ఆనుకుని ఉన్న మూలల్లో, లేదా అంచున పరిచిన కడప బండ కింద. ఆ చోట్లలో వేలు గుచ్చి చూడండి, పైన తడిగా ఉన్నా రెండంగుళాల కింద పొడిగా ఉంటుంది. చీమలు ఉన్నాయంటే అక్కడికి మీ నీళ్ళు చేరడం లేదని అర్థం, ఎండాకాలంలో మొక్కలు ముందు వాడేది కూడా ఆ మూలల్లోనే. గునపంతో నాలుగు కన్నాలు పెట్టి, మూడు నాలుగు రోజులు వరుసగా ఆ మూల నిండా నీళ్ళు ఇంకనిస్తే సగం పుట్టలు వాటంతటవే లేచిపోతాయి. ఎక్కడికి పోతున్నాయో చూడండి, పక్క మడిలోకే అయితే అదీ తడపండి.

అన్ని చీమలనీ చంపక్కర్లేదు. వరుసగా నడిచే పెద్ద నల్ల చీమలు పురుగుల గుడ్లు, చచ్చిన పురుగులు ఏరుకుని పోతాయి, వాటి జోలికి నేను వెళ్ళను. కుట్టే ఎర్ర చీమలతోనే గొడవ. అవి మొలకల మొదట్లో కొరుకుతాయి, వేళ్ళ చుట్టూ మట్టి తోడేసి గుల్ల చేస్తాయి, చిన్న విత్తనాలు ఎత్తుకెళ్తాయి. నా మడిలో ఒకసారి తోటకూర వరుస మధ్యలో మూరెడు మేర ఒక్క మొలక లేదు. విత్తనం బాగాలేదేమో అనుకున్నాను. నాలుగు రోజులకి మడి మూల చీమల కన్నం పక్కన, అరచేయంత జాగాలో, ఎర్రటి తోటకూర మొలకలు గుత్తిగా లేచాయి. మొత్తం అక్కడికి మోసుకెళ్ళాయి. చెదలు వేరు, వాటిని చీమలనుకోకండి. కర్రల మీద, బండల మీద మట్టి గొట్టాలు కడితే అవి చెదలు, పాత కర్రలు, మోళ్ళు మడిలోంచి తీసేయడమే మొదటి పని.

కదలని ఎర్ర చీమల పుట్టకి వేడి నీళ్ళు. ఖాళీ మడిలో మాత్రమే, మొక్క వేరు ఉన్న చోట పోస్తే మొక్క కూడా చస్తుంది, వానపాములూ చస్తాయి, అందుకే పుట్ట మీద తప్ప పక్కన పోయకండి. చలి పొద్దుల్లో ఎనిమిది తొమ్మిదింటికి ఎండ పుట్ట మీద పడ్డాక, చీమలు గుడ్లని వెచ్చదనం కోసం పైకి తెచ్చుకుంటాయి, అప్పుడు పోయాలి. ముందు కెలకకండి, కెలికితే రాణి కిందికి పోతుంది. మరిగే నీళ్ళు ఒక బకెట్, ఎనిమిది పది లీటర్లు, గుంటలోకి దిగేలా మెల్లగా. కాళ్ళకి బూట్లు ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. మూడు రోజులాగి మళ్ళీ చూడండి, ఒక్కసారితో పోని పుట్టలు చాలానే ఉంటాయి.

అప్పటికీ పోకపోతే ఎర. పైకి కనిపించే చీమలని ఎన్ని చంపినా లోపల రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది, వాటి చేతే విషం లోపలికి మోయించాలి. పచారీ కొట్లో వెలిగారం దొరుకుతుంది, కంసాలులు టంకానికి వాడేది, ఇంగ్లీషులో బోరాక్స్ అంటారు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో 15 గ్రాముల వెలిగారం, 150 గ్రాముల చక్కెర కరిగించండి. ఎక్కువ వేస్తే తొందరగా పోతాయనుకోకండి, మందు ఘాటైతే మోసే చీమ దారిలోనే చస్తుంది, పుట్టలోకి చేరదు. దూది ముంచి, మూతకి చిన్న కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మడి బయట చీమల దారిలో ఉంచండి. మడి మట్టిలో మాత్రం పోయకండి, వెలిగారంలో ఉండే బోరాన్ ఎక్కువైతే ఆకుల అంచులు మాడతాయి. పిల్లలకి, కుక్కలకి, పిల్లులకి అందకూడదు. మొదటి రెండు రోజులు డబ్బా దగ్గర చీమలు మరీ ఎక్కువవుతాయి, అది మంచిదే, చెదరగొట్టకండి. తీపికి రాకపోతే, ఎర్ర చీమలు చాలాసార్లు రావు, వేయించిన వేరుశనగ పొడి కొంచెం నూనెతో ముద్ద చేసి, ఆరు చెంచాల ముద్దకి అర చెంచాకి మించకుండా వెలిగారం కలిపి పెట్టండి. ముందు రోజు రాత్రి ఒక ఆకు మీద చక్కెర, ఇంకో ఆకు మీద వేరుశనగ పెట్టి దేనికి మూగాయో చూస్తే తెలిసిపోతుంది.

చీమల సుద్ద, పాత అలవాటు కొద్దీ అడిగే గమేక్సిన్, ఇవి మడిలోకి రానీయకండి. సుద్దలో ఉండేది పురుగుమందే. గమేక్సిన్ అని మన పెద్దవాళ్ళు చల్లిన బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు, దాని రకమే అయిన లిండేన్ వాడకం 2013లో ఆగిపోయింది, అవి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి కాబట్టే. పసుపు, బూడిద గీతలు తడి తగలనంత సేపే పని చేస్తాయి.

ఇంకొకటి, చిక్కుడు పాదు. చలికాలం చివర్లో చిక్కుడు కొసలకి నల్లగా పేనుబంక అనే రసం పీల్చే పురుగు పడుతుంది, దాని నుంచి కారే తీపి జిగట కోసం చీమలు దాన్ని పశువుల్లా కాచుకుంటాయి, దాన్ని తినే పురుగులని దగ్గరికి రానివ్వవు. ఆ పాదుని లాగి మడి పక్కనే పడేస్తే చీమలు అక్కడే కాపురం పెట్టి, గోరుచిక్కుడు మొలకలు రాగానే వాటికి పేనుబంకని ఎక్కిస్తాయి. లాగిన రోజే దూరంగా తీసేయండి, పేనుబంక ఎక్కువగా ఉన్న కొసలు ముందే కోసి బకెట్ నీళ్ళలో ముంచండి.

విత్తనం వేసే రోజు కొత్తగా తవ్వేది ఏమీ లేదు. ముందురోజు సాయంత్రం మడి తడిపి, పురికొస కట్టి దాని వెంట సాళ్ళు గీసి, బెండ గింజలు రాత్రంతా నానబెట్టినవి అంగుళం లోతులో, అడుగు దూరంలో పెట్టండి. వరుసలో వేస్తేనే, వరుస బయట మొలిచిందంతా కలుపని తెలుస్తుంది. తోటకూర లాంటి సన్న విత్తనానికి గుప్పెడు బియ్యపు రవ్వ కలిపి చల్లండి, చీమలు రవ్వ మోసుకోవడంలో ఉంటాయి, ఆలోపు గింజ మొలుస్తుంది. మొక్కలు నాలుగంగుళాలు వచ్చాక ఎండుటాకులు పరవండి, కాండం చుట్టూ రెండంగుళాలు వదిలేసి. వరిగడ్డి వేస్తే ముందు దులపండి, మిగిలిన వడ్లు మొలుస్తాయి.

విత్తిన సాయంత్రం చీకటి పడ్డాక టార్చి వేసుకుని మడుల అంచులు ఒకసారి చూసి రండి. ఇటుక మీద చీమల వరుస కనిపిస్తే ఎటు నుంచి వస్తుందో వెనక్కి వెళ్ళి చూసి, ఎర డబ్బాని ఆ దారిలోకి జరపండి.